ఫిలోమినా పోసిన టీ

ఇక నిలబడలేమని మోకాళ్ళు తేల్చి చెప్పాక నేను హోటల్ పని మానేశాను. యాభై దాటిన మనిషి మేనేజర్ మాటైనా కాదనగలడు గానీ మోకాళ్ళ మాట కాదనలేడు. కోయంబత్తూరులో ఒక పెద్ద హోటల్, దాని కింది అంతస్తులో లౌంజ్, ఆ లౌంజ్‌లో ఒక మూల బార్ కౌంటర్. నా ఉద్యోగ జీవితమంతా ఆ కౌంటర్ వెనకే గడిచింది. మా వీధిలో సగం మంది నన్ను 'హోటల్ మేనేజర్' అనుకున్నారు. తక్కిన సగం మంది 'బార్‌లో గ్లాసులు కడుగుతాడు' అనుకున్నారు. పిల్లనిచ్చిన మామగారు మాత్రం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉండిపోయి, చివరిదాకా ఏమీ అడగలేదు.

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలు ఇప్పుడు చాలామంది హోటల్ కోర్సులు చదువుతున్నారు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు మా ఇంటికి వచ్చి, "అన్నా, విస్కీ కాక్‌టెయిల్ ఎట్ల కలపాల?" అని అడుగుతారు. కలపడం ఎవరికైనా వస్తుంది. చేతికి నాలుగు రోజుల అలవాటు చాలు. రానివి వేరే ఉన్నాయి, వాటి కోసం ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా హోటల్లో ట్రైనింగ్‌కు చేరిన ప్రతి బ్యాచ్‌కూ 'ఫిలోమినా టీ' అని ఒక నవ్వుల కథ చెబుతారు. టీ సెక్షన్ చూసిన ఫిలోమినా అనే ఆవిడ పాట్లు తారుమారు చేసి, పెళ్ళిచూపులకు వచ్చిన ఒక ముసలమ్మకు విస్కీ తాగించిందని కథ. దాన్ని పుట్టించింది నేనే. అందరికంటే బాగా చెప్పేదీ నేనే. అది తప్పు కథ.

ఒక గదిలో రెండు కొట్లు

మా లౌంజ్‌లో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా రెండు వ్యాపారాలు పక్కపక్కన నడిచేవి. కిటికీల వైపు సోఫాల్లో టీ. గోడవైపు కౌంటర్ దగ్గర విస్కీ. టీ వైపు అంటే మామూలు టీ కాదు. తెల్ల పింగాణీ పాట్, దాని పక్కన మూడంతస్తుల స్టాండు, కింద చిన్న చిన్న శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్ అనే గట్టి బన్ను, పైన వేలెడంత కేకులు.

అన్నూరులో మగ్గాల షెడ్డు నడిపే ఒకాయన మొదటిసారి భార్యతో వచ్చి ఆ స్టాండును పై నుంచి కిందికి చూశాడు.

"మూడు మాడీలు కట్టినారు గానీ, కాపురముండేదానికి ఒక్కరూ లేరే!" అన్నాడు.

ఆయన భార్య స్కోన్‌ను నొక్కి చూసి ఫిలోమినాను పిలిచింది. "ఈ బన్ను ఆరిపోయిండాది మా. వేరేది ఇయ్యి."

ఫిలోమినా నవ్వలేదు. స్కోన్ అంటే ఏమిటో పాఠమూ చెప్పలేదు. దాన్ని లోపలికి తీసుకుపోయి, వేడి చేసి, వెన్న రాసి తెచ్చింది. "ఇప్పుడు చూడండక్కా, మెత్తబడిండాది." ఆ దంపతులు తర్వాత ప్రతి పెళ్ళిరోజుకూ మా దగ్గరికే వచ్చారు. గెస్ట్‌కు తెలియనిదాన్ని తెలియనట్టు కనబడనివ్వకుండా చూడడమే సేవలో సగం. నేను దీన్ని ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. టీ వైపు చూసి నేర్చుకున్నాను.

విస్కీ వైపు నాకూ ఇలాంటివాళ్ళు తగిలేవారు. గ్లాసు అంచున నారింజ తొక్క మెలిపెట్టి ఇస్తే ఒక పెద్దమనిషి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "తొక్క నాకిచ్చినావు సరి, పండు ఎవరికిచ్చినావు తంబీ?" అని అడిగాడు. నేను ఫిలోమినా లాంటివాణ్ణి కాదు, నవ్వేశాను. ఆయన మళ్ళీ రాలేదు.

కురియన్ సార్ చెప్పిన రెండు మాటలు

నాకు పని నేర్పినవాడు కురియన్ సార్, బార్‌కు పెద్ద. ఆయన నోట ఎక్కువగా వినబడే మాటలు రెండు.

మొదటిది: గెస్ట్ తాగడానికి రాడు, కూర్చోడానికి వస్తాడు. ఇది నిజం. తాగడమే అయితే ఇంట్లో చవక. మనిషి ఎందుకు కూర్చున్నాడో కనిపెట్టు, కానీ కనిపెట్టినట్టు చూపించకు అనేవాడు. ఈ రెండో సగం నాకు ఆలస్యంగా ఎక్కింది. కోర్టు నుంచి అప్పుడప్పుడు వచ్చే ఒక వకీలుగారు ఒకరోజు కోటు విప్పి, హాయిగా కాళ్ళు చాపి, మంచి విస్కీ అడిగారు. నేను తెలివితేటలు ఒలకబోస్తూ, "కేసు గెలిచినట్టుండాది సార్!" అన్నాను.

"ఓడిపోయినానప్పా. గెలిచింటే నేరుగా ఇంటికి పోయుందును. చెప్పుకునేదానికి ఇంట్లో మనిషి ఉండాది గదా" అన్నారాయన.

కురియన్ సార్ రెండో మాట: గెస్ట్‌కు 'లేదు' అనే మాట చెప్పొద్దు. ఇది తప్పు. ఆయన పోయారు కాబట్టి అనడం లేదు, ఉన్నప్పుడు కూడా అనే ధైర్యం నాకుండి ఉంటే బాగుండేది. 'లేదు' అనడం రాని బార్‌మ్యాన్ ప్రమాదకరమైనవాడు. నేను అలాంటివాణ్ణే.

పాట్‌లో పోసే మర్యాద

మన ఇళ్ళలో పద్ధతి మీకు తెలియనిది కాదు. పెద్దవాళ్ళు తాగుతారు. కానీ చెల్లెలి మొగుడి ముందు తాగరు, అల్లుడి ముందు తాగరు, కొత్త సంబంధంవాళ్ళ ముందు అసలే తాగరు. తాగడం తప్పు కాదు, కనబడడం తప్పు. ఎదుటివాడు కూడా అదే గదిలో ఇంకో మూల ఇదే పని చేస్తుంటాడు, అది వేరే సంగతి.

ఉడుమలైపేట నుంచి దొరసామి మామ అని ఒకాయన వచ్చేవాడు. కొబ్బరితోటలున్న మనిషి, మీసం తెల్లగా, గొంతు పెద్దగా ఉండేది. అందరికీ మామే. ఆయన ఒకసారి బావమరిదితో వచ్చి, నన్ను కౌంటర్ చివరికి లాగాడు.

"తంబీ, వాని ముందర గ్లాసు పట్టలేను. టీ మాదిరి ఏమన్నా చేసియ్యి."

నేను 'లేదు' అనలేదు. చిక్కటి టీ డికాషన్‌లో విస్కీ, తేనె, నిమ్మరసం, కాస్త శొంఠి కలిపి వేడిగా చేశాను. శొంఠిని మా వైపు సుక్కు అంటాం. రంగు టీ రంగే. వాసన సుక్కు వాసనే. తెల్ల పాట్‌లో పోసి, కప్పు, సాసరు పెట్టి పంపాను. మామ బావమరిది ఎదుటే రెండు కప్పులు 'టీ' తాగి, "ఈడ టీ రొంబ బాగుంటుంది మచ్చాన్!" అని ఆయనకు కూడా సిఫారసు చేశాడు. అప్పటి నుంచి మామలాంటి పెద్దమనుషులు ఒకరి ద్వారా ఒకరు తెలుసుకుని, "మన పాట్" అని కన్ను గీటేవారు. నేను దాన్ని నా కళగా భావించి గర్వపడ్డాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పాట్లు నావి కావు, టీ వైపు అలమారలోవి. అంటే ఫిలోమినావి.

ఫిలోమినా మదురై మనిషి, తెలుగు మాట్లాడే క్రైస్తవుల ఇంటి పిల్ల. నాకంటే కొంచెం పెద్ద. హాల్లో నాకు మేడమ్, లోపలి పాంట్రీలో అక్క. హాల్లో ఇద్దరం తమిళమే మాట్లాడేవాళ్ళం. పాంట్రీ తలుపు మూసుకున్నాక తెలుగులోకి దిగేవాళ్ళం. ఆమె తెలుగు వింటే నాకు నవ్వు, నా తెలుగు వింటే ఆమెకు నవ్వు. "కోయంబత్తూరోళ్ళు తెలుగు మాట్లాడతా ఉంటే లారీ రివర్స్ పోయినట్టుంటాదిరా" అనేది.

ఆమె తండ్రి తాగుడుతో పోయాడు. ఆమె హోటల్ పనికి పోతానంటే తల్లి చాలారోజులు ఒప్పుకోలేదట. చివరికి ఒక్క మాట తీసుకుని పంపింది: సారాయి నీ చేత్తో ఎవరికీ పోయకూడదు. ఫిలోమినా ఆ మాట ఉద్యోగంలో చేరిన రోజే అందరికీ చెప్పేసింది. కురియన్ సార్ కూడా దాన్ని గౌరవించాడు. లౌంజ్‌లో ఎంత రద్దీ ఉన్నా, ఎంతమంది సెలవు పెట్టినా, ఆమె చేతికి బాటిల్ ఇవ్వకూడదన్నది మా అందరికీ తెలిసిన రూల్. ఒక సినిమా మనిషి వచ్చి, "నువ్వు పోస్తేనే తాగుతాను" అని వేళాకోళమాడితే, "అయితే మీకు టీయే గతి సార్" అని టీ పోసి వచ్చింది.

ఆమెకు చెప్పకుండా ఆమె పాట్లలో నేను విస్కీ పోశాను. చివర్లో నేనే కడిగి, నేనే తుడిచి, మళ్ళీ అలమారలో పెట్టేసేవాణ్ణి. కడిగితే చాలుననుకున్నాను.

ఆ మధ్యాహ్నం

దొరసామి మామ తన మేనల్లుడి పెళ్ళిచూపులు మా లౌంజ్‌లోనే పెట్టించాడు. అబ్బాయి, వాళ్ళమ్మ, మేనమామ హోదాలో ఈయన. పిల్లవైపు మదురైలో పాత్రల అంగడి ఉన్న కుటుంబం. పిల్లతో పాటు తల్లి, తండ్రి, తండ్రిని కన్న అవ్వ. పిల్ల ఉద్యోగం కోయంబత్తూరులోనే కాబట్టి వాళ్ళే వచ్చారు. రెండువైపులా ఇంట్లో తెలుగే, అయినా ఒకరి తెలుగు ఒకరికి ఎగతాళి అవుతుందేమోనని జాగ్రత్తగా తమిళంలో మర్యాదలు చేసుకుంటున్నారు.

అవ్వ మాత్రం ఏ జాగ్రత్తా పడలేదు. ఫిలోమినా తెచ్చిన టీ వాసన చూసి మొహం తిప్పుకుంది. "ఈ ఎండుగడ్డి నీళ్ళు నాకొద్దమ్మా. సుక్కు టీ ఉండాదా?"

"చేయిస్తానవ్వా" అని ఫిలోమినా కిచెన్‌కు చెప్పింది.

అదే సమయంలో దొరసామి మామ ఫోను వచ్చినట్టు నటిస్తూ లేచి నా దగ్గరికి వచ్చాడు. "తంబీ, మన పాట్. కొంచెం గట్టిగా. చూసేది పిల్లోడు, భయం నాకు."

చేశాను. ఎప్పుడూ అలాంటి పాట్ పిడి కింద నాప్‌కిన్ మడిచి పెట్టేవాణ్ణి, అది నా గుర్తు. ఆ రోజు కాన్ఫరెన్స్ నుంచి ఒక గుంపు కౌంటర్ మీదికి వచ్చి పడింది. పాట్‌ను పాంట్రీ గట్టు మీద పెట్టి, నాప్‌కిన్ మరిచి, వాళ్ళ గ్లాసుల వైపు పరిగెత్తాను.

ఫిలోమినా లోపలికి వచ్చేసరికి గట్టు మీద వేడిగా పాట్ ఉంది, సుక్కు వాసన వస్తోంది. ఇంకేం అనుకుంటుంది? తీసుకుపోయి, పెద్దావిడ కాబట్టి పక్కన వంగి, తన చేత్తో కప్పులో పోసింది. నేను తిరిగొచ్చేసరికి గట్టు మీద పాట్ ఉంది, సుక్కు వాసన వస్తోంది. అది కిచెన్ నుంచి అప్పుడే వచ్చిన అవ్వ టీ. దాన్ని నేను మామ ముందు పెట్టి కన్ను గీటాను. మామ కూడా గీటాడు.

అవ్వ ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది.

"ఇది టీ! ఈ మాదిరి టీ మా ఇంట్లో ఒక్కరికీ చేతగాదు. ఇంగొంచెం పొయ్యమ్మా."

ఫిలోమినా సంతోషంగా పోసింది.

అవతల మామ తన కప్పులో తాగి, కప్పులోకి చూసి, పాట్ మూత తీసి లోపలికి చూసి, నావైపు చూశాడు. తోట తగలబడినవాడి మొహం.

కాసేపటికి అవ్వ అబ్బాయి తల్లి చెయ్యి పట్టుకుని తెలుగులోకి దిగింది. "చూడమ్మా, దాచేదెందుకు? మా పిల్లకు వంట రాదు. రసం పెట్టిందంటే గిన్నె పారేయాల."

"అత్తా, ఊరికుండండి" అంది కోడలు.

"నేనేల ఊరికుండాల? రేపు తెలిసేదే గదా. ఏమప్పా, నీకొస్తాదా రసం?"

అబ్బాయి బెదిరిపోయి, "కొంచెం వస్తుంది అవ్వా" అన్నాడు.

"సరి, ముగిసింది. ముహూర్తం పెట్టండి." తర్వాత మామ వైపు తిరిగింది. "ఏమయ్యా పెద్దమనిషీ, అందరూ నవ్వతా ఉంటే నువ్వేల టీని చూసి ఏడస్తా ఉండావు?"

ఆ తర్వాత అవ్వ సోఫాలో తల వాల్చి, చిరునవ్వుతోనే నిద్రపోయింది. అనుమానం వచ్చి పిల్ల తండ్రి ఆమె కప్పు ఎత్తి వాసన చూశాడు. ఆయన లేచి నిలబడిన తీరు చూసి నాకు విషయం అర్థమైంది.

ఒక్క వాక్యం

డ్యూటీ మేనేజర్ వచ్చాడు. హోటల్ డాక్టర్ వచ్చి అవ్వను చూసి, భయం లేదన్నాడు. ఈ భాగం నేను కథ చెప్పినప్పుడల్లా వదిలేసేవాణ్ణి. నవ్వే పిల్లలు ఇక్కడ ఆగాలి. ఆ వయసు మనిషి ఏ మందులు వేసుకుంటుందో మాకు తెలియదు. తెలియని మనిషి ఒంట్లోకి తెలియకుండా విస్కీ పంపడం హాస్యం కాదు. అవ్వ లేవకపోయి ఉంటే ఇది ఎవరికీ చెప్పుకునే కథ అయ్యేది కాదు. ఏ పెద్దమనిషి పరువు కోసమైనా సరే, ఒక పాత్రలో ఉన్నది ఇంకొకటిగా కనబడేట్టు చెయ్యకండి. 'లేదు మామా, గ్లాసులోనే ఇస్తాను' అనండి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి.

మేనేజర్ అడిగాడు, "ఎవరు సర్వ్ చేసింది?"

"నేనే పోసినాను సార్" అంది ఫిలోమినా. ఆమె మొహం తెల్లబోయి ఉంది. పోసింది ఏమిటో అప్పుడే తెలిసింది ఆమెకు.

"పాట్‌లో ఎవరు నింపింది?"

ఆమె నావైపు చూసింది. నేను దొరసామి మామ వైపు చూశాను. మామ తన కాళ్ళ వైపు చూశాడు.

"పాట్లన్నీ టీ సెక్షన్‌వి సార్" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మన వృత్తిలో ఇలాంటి వాక్యాలు చాలా నేర్పుతారు. గెస్ట్ దగ్గర అవి అవసరం కూడా. కానీ తోటి మనిషి మీద వాడకూడదు.

ఫిలోమినా పిల్ల తండ్రికి చేతులు జోడించి తప్పయిపోయిందని చెప్పింది. ఈలోగా అవ్వ లేచి కూర్చుని, "ఎందుకు ఇంత గలాటా? పిల్లోడు రసం పెడతానన్నాడు గదా, ఇంగేం గావాల?" అంది. సంబంధం ఖాయమైంది. ఫిలోమినాను కొన్నాళ్ళు లౌంజ్ నుంచి తీసి పొద్దుటి టిఫిన్ హాల్లో వేశారు. దొరసామి మామ మరోసారి వచ్చినప్పుడు నా భుజం తట్టి, "కాపాడినావు తంబీ" అన్నాడు. గ్లాసులోనే తాగి పోయాడు.

కథ ఎలా తయారయింది

మరుసటి రోజు స్టాఫ్ క్యాంటీన్‌లో అందరూ ఏం జరిగిందని నన్నే అడిగారు. నేను చెప్పాను. చెప్పడం కాదు, ఆడాను. అవ్వ గుక్క వేయడం, మామ పాట్ మూత తీసి చూడడం, ఫిలోమినా వంగి వంగి మర్యాదగా పోయడం. నేను పాట్ నింపిన భాగం వదిలేస్తే కథ ఎంత బిగువుగా ఉందో! జనం అన్నం పళ్ళేల ముందు పొర్లి నవ్వారు. ఫిలోమినా పళ్ళెంతో వచ్చి, చివర్లో కూర్చుని, తను కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వును నేను క్షమాపణ కింద జమ వేసుకున్నాను.

తర్వాత ఏ వీడ్కోలు పార్టీ అయినా, "వేణన్నా, ఫిలోమినా టీ!" అని కేకలు పడేవి. నేను లేచి ఆడేవాణ్ణి. ఇంకా మంచి బార్‌మ్యాన్లు ఉన్నారు గానీ, నా అంత మంచి కథకుడు ఆ హోటల్లో లేడు. అదే నాకున్న పేరు.

మదురైలో రెండు స్టవ్‌లు

నేను మానేసేటప్పటికే ఫిలోమినా రిటైరై మదురై వెళ్ళిపోయింది. ఈమధ్య మా బంధువు ఒకరు మదురై ఆసుపత్రిలో ఉంటే చూడడానికి బస్సులో వెళ్ళాను. పని అయ్యాక ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఇరుకు వీధి, సాయంత్రం కావడంతో అందరూ వాకిళ్ళలో కూర్చుని ఉన్నారు.

"రారా లారీ!" అని లోపలికి పిలిచింది. ఆమె తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాగా ముసలిది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఫిలోమినా టీ పెట్టడానికి స్టవ్ మీద గిన్నె పెట్టింది. వెంటనే తల్లి గోడ పట్టుకుని లేచి, మెల్లగా పోయి, పక్క స్టవ్ మీద ఇంకో చిన్న గిన్నె పెట్టి తన టీ తాను కాచుకోసాగింది.

నాకు వేళాకోళం తోచింది. "ఏమక్కా, కోయంబత్తూరంతా నీ టీకి క్యూ కట్టింది. మీ అమ్మకు మాత్రం పనికిరాదా?"

ఫిలోమినా గిన్నెలోకే చూస్తూ, "నీ కథ ఈ వీధికి నాకంటే ముందే వచ్చింది వేణూ" అంది.

ఆ పెళ్ళికూతురి వాళ్ళ పాత్రల అంగడి ఈ పక్క వీధిలోనే. పెళ్ళయ్యాక ఎవరో చుట్టం మా హోటల్లో నేను ఆడిన కథే విని వచ్చి ఇక్కడ చెప్పారట. వీధి వీధంతా నవ్వింది. తల్లి నవ్వలేదు. సారాయి పోసిన చేత్తో కాచిన టీ తాగనని, ఆ నెల ఫిలోమినా ఇంటికి వచ్చినప్పటి నుంచి తన టీ తానే పెట్టుకుంటోంది. కూతురు వండిన అన్నం తింటుంది. టీ మాత్రం తాగదు.

"నువ్వు చెప్పలేదా, నింపింది నువ్వు కాదని?"

"చెప్పినాను. 'పోసిన చెయ్యి నీదే గదా' అన్నది. నాదే గదా?"

"నా పేరు చెప్పుంటే..."

"మరుసటి రోజు నువ్వే చెప్తావనుకుంటిని. అందుకే ఆ రోజు నోరు మూసుకుంటిని. మరుసటి రోజు నువ్వు ఆడి చూపిస్తివి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులభంగా ఉండేది. నేను స్టవ్ దగ్గర ముసలమ్మ ముందుకు పోయి నిలబడ్డాను. వందలసార్లు ఆడిన కథలో వదిలేసిన భాగం మొదటిసారి చెప్పాను.

"అమ్మా, ఆ పాట్‌లో విస్కీ పోసింది నేను. అక్కకు తెలీదు. టీ అనుకునే పోసింది."

ముసలామె చెవికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమి?"

కొంచెం గట్టిగా చెప్పాను.

"వినబళ్ళేదు. ఇంగా గట్టిగా చెప్పు."

గొంతెత్తి చెప్పాను. ఇంకోసారి అడిగింది. అరిచి చెప్పాను. బయట వాకిళ్ళలో మాటలు ఆగిపోయాయి. ఎదురింటావిడ మెడ చాచి లోపలికి చూసింది.

"అక్కా, అమ్మకు చెవుడా?" అని మెల్లగా అడిగాను.

"లేదు" అంది ఫిలోమినా. అప్పుడు ఆమె పెదవి చివర కదిలింది.

"నాకు మొదటే వినబడింది" అంది ముసలామె. "వీధిలోవాళ్ళకు వినబళ్ళేదు." తలుపు దాకా నడిచి, బయటికి చూసి, "అందరికీ చేరిందా? లేకుంటే వీణ్ణి ఇంగోసారి చెప్పమంటాను" అంది. చేరిందని ఎవరో అన్నారు. మళ్ళీ స్టవ్ దగ్గరికి వచ్చి, తన గిన్నె కింద మంట ఆర్పేసింది.

"ఫిలో, నాకు నీది పొయ్యి."

ఫిలోమినా గ్లాసు తీసింది. హోటల్లో మంత్రులకూ మిల్లు ఓనర్లకూ చుక్క తొణక్కుండా పోసిన చెయ్యి, ఆ స్టీలు గ్లాసులో పోస్తూ గట్టంతా ఒలకబోసింది. తల్లి ఊదుకుని తాగి, "చక్కెర ఎక్కువ" అంది. ఖాళీ చేసి మళ్ళీ చాపింది.

"వేణుకు?" అని అడిగింది ఫిలోమినా.

"వాడికి నాది పొయ్యి. ఊరికే పారబోసేదెందుకు?"

ఆమె గిన్నెలోది నా గ్లాసులోకి వచ్చింది. ఆకు మాడింది, పాలు లేవు, చేదు నాలుక మీద పొరలా నిలిచింది. ఇన్నేళ్ళుగా ఆ తల్లి రోజూ తాగిన టీ అది. మొత్తం తాగాను.

"ఇంగొంచెం ఉండాది. పొయ్యనా?" అని అడిగింది ముసలామె, నా మొహంలోకి కుతూహలంగా చూస్తూ.

పొయ్యమన్నాను.